రెండు దేశాల ఇంట్లో ‘మనవాళ్ళు’ ఎవరు? తెలుసుకునే పద్ధతి

మా ఇంట్లో ఐదుగురం, కాగితాలు మూడు రకాలు. నాది ఖమ్మం. అమెరికా పౌరసత్వం తీసుకున్నాను, ఇండియాకి ఓసీఐ కార్డు (వేరే దేశపు పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చేది) మీద వెళ్ళొస్తుంటాను. మా ఆయనది నరసరావుపేట. గ్రీన్ కార్డు ఉంది, పౌరసత్వానికి అర్హత వచ్చి ఏళ్ళు దాటింది, అయినా ఇండియా పాస్‌పోర్టు వదలనని భీష్మించుకు కూర్చున్నారు. పిల్లలిద్దరూ టెక్సస్‌లో పుట్టారు, పుట్టుకతోనే అమెరికన్లు. వాళ్ళకీ ఓసీఐ ఉంది. మావయ్యగారు ఏడాది విడిచి ఏడాది విజిటర్ వీసా మీద వచ్చి ఉండి వెళ్తుంటారు.

ఆదివారాలు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో పిల్లలకి తెలుగు క్లాసు చెప్తాను. క్లాసయ్యాక తల్లిదండ్రులు పార్కింగ్‌లో పట్టుకుని అడిగేది ఎప్పుడూ ఒకటే. "మావాడు తనని ఇండియన్ అనుకుంటున్నాడో అమెరికన్ అనుకుంటున్నాడో అంతు పట్టట్లేదండీ. ఎట్లా తెలుసుకోవడం?" కారు తలుపు పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. పిల్లల కోసమేనని అనుకోకండి. నలభై దాటినవాళ్ళ మీద ప్రయోగించి చూడండి, వింతలన్నీ అక్కడే బయటపడతాయి.

పద్ధతికి మూలం చిన్న సంగతి. గర్వాన్ని నమ్మలేం. ఎవరికైనా పతకమో పదవో వస్తే ఎవరైనా మనవాడేనని చెప్పేసుకుంటారు, పోయేదేముంది. సిగ్గు అట్లా కాదు. పరాయివాడు వెధవపని చేస్తే నవ్వొస్తుంది, లేదా కోపమొస్తుంది. మనవాడు చేస్తేనే తల కొట్టేసినట్టు ఉంటుంది. ఒక మనిషికి ఏయే గుంపులు సొంతమో తెలియాలంటే ఏయే గుంపుల తరఫున సిగ్గుపడుతున్నాడో చూడాలి. రెండు దేశాల మనిషికి రెండు సిగ్గులుంటాయి. ఈ రెండింటినీ ఓపిగ్గా పట్టుకోవడమే మనం చేయబోయే పని.

ముందు మానేయాల్సిన ప్రశ్న

"నువ్వు ఇండియనా, అమెరికనా?" ఈ ప్రశ్న ఈ రోజు నుంచి ఇంట్లో బంద్. ఫోన్లో చుట్టాలు అడిగినా మధ్యలో దూరి మాట మార్చండి. దానికి వచ్చేది పరీక్షలో రాసే జవాబు. పిల్లలు అడిగినవాళ్ళ మొహం చూసి, వాళ్ళకి ఏం కావాలో అది చెప్తారు. తాతయ్య అడిగితే ఇండియన్. స్కూల్లో టీచరు అడిగితే అమెరికన్. నాలుగోసారి అడిగితే "ఏదో ఒకటి రాసుకో అమ్మా" అని హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటారు.

బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే రాజకీయ నాయకుడు 1990లో ఇలాంటి పరీక్షే పెట్టాడు. మన వైపు నుంచి వలస వెళ్ళినవాళ్ళు క్రికెట్ మ్యాచ్‌లో ఏ జట్టుకి చప్పట్లు కొడతారో చూడండి, వాళ్ళ మనసెక్కడుందో తెలుస్తుందన్నాడు. పెద్ద దుమారం లేచింది. దానికి క్రికెట్ పరీక్ష అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన ఉద్దేశం సంగతి పక్కన పెట్టినా, కొలత కూడా తప్పే. చప్పట్లు ఒక్కవైపే కొట్టగలం, అందుకని జవాబూ ఒక్కటే వస్తుంది. అయితే క్రికెట్ మ్యాచ్‌ని వదిలేయకండి. చప్పట్లు మాత్రం పట్టించుకోకుండా తిట్లు వినండి.

మ్యాచ్ పెట్టి, మనుషుల్ని చూడండి

2024 జూన్ 12. టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా, ఇండియా న్యూయార్క్ నసావు కౌంటీలో తలపడ్డాయి. మాకు బుధవారం పొద్దున తొమ్మిదిన్నర. మా ఆయన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేస్తున్నట్టు నటిస్తున్నారు. పిల్లలకి వేసవి సెలవులు. మావయ్యగారు స్నానం, పూజ ముగించుకుని సోఫాలో ముందే జాగా పట్టేశారు.

అంతకు ఆరు రోజుల ముందు మా పక్కనే గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది. ఆ సూపర్ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ముంబైలో పుట్టి, ఇండియా అండర్-19కి ఆడి, ఇక్కడ ఒరాకిల్‌లో ఉద్యోగం చేస్తున్నవాడు. ఆ వారమంతా మావయ్యగారికి అతను మన కుర్రాడే. వాకింగ్‌కి వచ్చే పెద్దాయనలందరికీ చెప్పుకున్నారు. ఆ కుర్రాడే బుధవారం నాడు విరాట్ కోహ్లీని ఎదుర్కొన్న మొదటి బంతికే అవుట్ చేసి, కాసేపటికి రోహిత్ శర్మనీ పంపించేశాడు. మావయ్యగారు నోరెత్తలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "వీడికి ఇంత అవసరమా" అన్నారు. అంతే, వారం రోజుల చుట్టరికం గాలికి పోయింది.

మా వాడికి అప్పుడు పదిహేను. వాడు మొదటి వికెట్‌కి సోఫా మీంచి లేచి గెంతాడు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, ఆ వయసు పిల్లలు తాతని ఉడికించడానికి కూడా గెంతుతారు. అసలు సంగతి తర్వాత జరిగింది. ఓవరుకీ ఓవరుకీ మధ్య అరవై సెకన్లు దాటకూడదని కొత్త నిబంధన. అమెరికా జట్టు మూడోసారి ఆలస్యం చేసేసరికి అంపైర్లు ఇండియాకి అయిదు పరుగులు ఉత్తినే ఇచ్చేశారు. వాడి మొహం మాడిపోయింది. "గడియారం చూసుకోవడం కూడా రాదా మనవాళ్ళకి? టీవీలో అందరూ చూస్తున్నారు!" అన్నాడు. ఓడిపోతారన్న బాధ కాదది. పరువు పోయిన మంట.

ఇండియా ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. సాయంత్రం వాడు ఫోన్లో ఏదో చూసి మళ్ళీ చిటపటలాడుతూ వచ్చాడు. అమెరికా జట్టుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులంటూ, సెలవు పెట్టి వచ్చారంటూ ఇండియా అభిమానులెవరో వెక్కిరించిన వీడియో. "మనవాళ్ళకి గెలవడం కూడా మర్యాదగా రాదు" అన్నాడు.

పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఇంకో దేశపు అభిమానులు. రెండుసార్లూ వాడికి తల కొట్టేసినట్టే అయింది. వాణ్ని నేనొక్క ప్రశ్న కూడా అడగలేదు.

మీ ఇంట్లో క్రికెట్ నడవకపోతే ఎన్నికల రాత్రి పనికొస్తుంది. పెళ్ళి పనికొస్తుంది. విమాన ప్రయాణమైతే బ్రహ్మాండంగా పనికొస్తుంది.

చిట్టా రాయడం

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఫోన్లో రాయొద్దు, ఇంట్లోవాళ్ళ కంట పడుతుంది. పేజీకి మూడు గళ్ళు: ఎవరిని చూసి సిగ్గుపడ్డారు, దేనికి, ఎవరి ముందు. రెండు మూడు వారాలు రాస్తే చాలు. అన్న మాటని అన్నట్టే రాయండి. "ఇండియా అంటే చిన్నచూపు" అని మీ తీర్పు రాశారా, ఇక ఆ పేజీ దేనికీ పనికిరాదు. "ఎందుకమ్మా అంత గట్టిగా మాట్లాడతావు, కాస్ట్‌కోలో అందరూ చూస్తున్నారు" అని రాస్తే పనికొస్తుంది.

మా ఇంటి చిట్టాలోంచి నాలుగు ముక్కలు, నమూనాకి.

మా అమ్మాయి స్కూలు స్నేహితురాలిని గుడికి తీసుకొచ్చింది. చెప్పుల స్టాండు పక్కనే ఉన్నా మెట్ల దగ్గర చెప్పులు గుట్టగా పడున్నాయి. మా పిల్ల వంగి నాలుగైదు జతలు గబగబా సర్ది, "సారీ, పండగ రోజు కదా" అంది. ఆ రోజు ఏ పండగా లేదు. మామూలు రోజుల్లో తను కూడా ఆ గుట్టలోనే విడిచి లోపలికి పరిగెడుతుంది.

మా ఆయన: శంషాబాద్‌లో విమానం ఇంకా పూర్తిగా ఆగకముందే లేచి పై అరలోంచి పెట్టెలు లాగేవాళ్ళని చూసి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పక్క సీటులో జర్మన్ ఆయన ఉన్నాడు. అది మూడో గడి, మర్చిపోకండి.

మావయ్యగారు: దుకాణంలో దొంగతనం చేసి దొరికిన తెలుగు విద్యార్థుల వీడియో ఎవరో పంపితే రెండు రోజులు వాకింగ్ మానేశారు. టెక్సస్‌లో కాదు, వేరే రాష్ట్రంలో జరిగింది. ఆ పిల్లలెవరో కూడా ఆయనకి తెలియదు.

ఇక నాది. ఖమ్మం నుంచి మా అమ్మ వీడియో కాల్. మా వాడు మాటల మధ్యలో ఆ రోజు స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ జరిగిందని చెప్పాడు. లైట్లు ఆర్పి, తలుపు గడియ పెట్టి, చప్పుడు చేయకుండా గది మూలన కూర్చోవడం. "బడిలో దాక్కోవడం ఏంటే? ఎవరొస్తారని?" అంది అమ్మ. నేను జవాబు చెప్పలేకపోయాను. "అన్నిచోట్లా ఉండేదే అమ్మా, ముందు జాగ్రత్త" అని నసిగాను. ఖమ్మంలో ఉండదని ఇద్దరికీ తెలుసు. పౌరసత్వ ప్రమాణం రోజు చేయెత్తి చదివినప్పుడు కూడా నాకు ఇది నా దేశం అని అంత గట్టిగా తగల్లేదు.

మనవాళ్ళ తప్పే మనకి ఎక్కువ గుచ్చుకుంటుందన్నది నేను కనిపెట్టిందేమీ కాదు. బెల్జియంలో 1988లో మార్కెస్, ఇజెర్‌బీట్ అనే మనస్తత్వవేత్తలు తమ సహచరులతో కలిసి ప్రయోగాలు చేసి చూపించారు. తన గుంపులోని చెడ్డవాడికీ పరాయి గుంపులోని అలాంటి చెడ్డవాడికీ మార్కులేయమంటే, జనం తనవాడికే తక్కువేస్తారు. మంచివాళ్ళ విషయానికొస్తే తనవాడికే ఎక్కువేస్తారు. మనవాళ్ళ దగ్గర తూనిక రాళ్ళు వేరుగా ఉంటాయన్నమాట. రెండు గుంపులున్న మనిషి రెండువైపులా కఠినంగానే తూస్తాడు. తల్లిదండ్రులు ఒక్కవైపు తూకమే చూసి "వీడికి ఇండియా అంటే గిట్టదు" అని బెంగపడతారు.

సిగ్గా, ఏవగింపా

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడానికి ఒకటే మార్గం ఉంది: అదే మాట బయటివాళ్ళు అన్నప్పుడు ఈ మనిషి ఏం చేస్తున్నాడో చూడండి.

క్లాసులో ఒక పిల్లాడు ఉండేవాడు. వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీయడానికే ఇష్టపడేవాడు కాదు. "వాసనొస్తుంది" అనేవాడు. వాళ్ళమ్మకి దిగులు. బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో ఎవడో వాడి బ్యాగు వాసన చూసి అదే మాట అన్నాడట. మనవాడు వాడి మీదికి వెళ్ళాడు, కోచ్ ఇంటికి ఫోన్ చేశాడు. తల్లి నా దగ్గరికి కంగారుగా వచ్చింది. నేను మాత్రం లోపల సంతోషపడ్డాను. "మాలో మేం అనుకోవచ్చు, అనడానికి నువ్వెవడివి?" అన్నవాడికి ఆ గుంపు సొంతమే.

అట్లా కాకుండా, బయటివాడు వెక్కిరిస్తే వాడితో కలిసి నవ్వి, ఇంటికొచ్చాక కూడా ఏమీ గుచ్చుకోకపోతే అది ఏవగింపు కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. ఏడో తరగతి పిల్లలు బతకడానికి నవ్వుతారు. ఒక్కసారి చూసి తేల్చేయకండి.

అమెరికా వైపు కూడా ఇదే చూడాలి, దీన్ని మనవాళ్ళు పట్టించుకోరు. "ఈ అమెరికన్లకి కుటుంబం అంటే తెలియదు" అని మీరు అన్నప్పుడు మీ అమ్మాయి కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయిందా? మీకు ఎదురు తిరిగిందని కాదు. మీరు తన వాళ్ళని అన్నారు.

ఎవరి ముందు: మూడో గడి చదవడం

చిట్టా నిండాక ముందుగా మూడో గడి చదవండి. ఒకే మనిషి ఊరు మారితే పార్టీ మార్చినట్టు కనిపిస్తాడు. మా అమ్మాయి డాలస్‌లో ఉన్నంతసేపూ ఇండియాలో తాతల ఇల్లు, మామిడికాయలు, రైలు ప్రయాణం అంటూ స్నేహితుల దగ్గర కోతలు కోస్తుంది. ఖమ్మంలో మా అన్నయ్య పిల్లలు "మీ అమెరికాలో అన్నీ తుపాకులే కదా" అనగానే లేచి లైబ్రరీల గురించి, స్కూలు బస్సు ఆగితే రెండువైపులా కార్లన్నీ ఆగడం గురించి ఉపన్యాసం మొదలుపెడుతుంది. మా వదిన "అబ్బో, మేడమ్ గారికి కోపమొచ్చింది" అని నవ్వింది. ఎక్కడ ఏ గుంపు గైర్హాజరైతే దాని తరఫు వకీలు అవుతుంది మా పిల్ల. ఇది నిలకడలేనితనం కాదు, రెండు దేశాలవాళ్ళలో మామూలే.

2000 సంవత్సరం ప్రాంతంలో చైనీస్ అమెరికన్లతో, హాంకాంగ్ విద్యార్థులతో కొన్ని ప్రయోగాలు జరిగాయి. ముందు కొందరికి అమెరికా గుర్తులు, కొందరికి చైనా గుర్తులు బొమ్మల్లో చూపించారు. తర్వాత ఒక చేపల బొమ్మ. ఒక చేప ముందు ఈదుతోంది, వెనక మిగతా గుంపు. ఎందుకలా అని అడిగారు. అమెరికా గుర్తులు చూసినవాళ్ళు ముందు చేప తన ఇష్టంతో నడిపిస్తోందన్న వైపు మొగ్గారు. చైనా గుర్తులు చూసినవాళ్ళు వెనక గుంపు దాన్ని తరుముతోందన్న వైపు ఎక్కువ మొగ్గారు. ఒకే మనసులో రెండు చూపులున్నాయి, ఎదురుగా ఏముంటే ఆ చూపు బయటికొస్తుంది.

2002లో మనస్తత్వవేత్త వెరోనికా బెనెట్-మార్టినెజ్ బృందం దీనికి ఇంకో మెలిక కనిపెట్టింది. రెండు సంస్కృతులూ తనలో సర్దుకున్నాయనుకునేవాళ్ళు చూపించిన గుర్తుకి తగ్గట్టు మొగ్గుతారు. ఆ రెండూ కొట్టుకుంటున్నాయనుకునేవాళ్ళు ఎదురు తిరుగుతారు. అమెరికా బొమ్మలు చూపిస్తే మరింత చైనావాళ్ళలా, చైనా బొమ్మలు చూపిస్తే మరింత అమెరికన్లలా. ఇంటి నిండా బతుకమ్మ ఫొటోలు పెట్టి, భోజనానికి ముందు శ్లోకం తప్పనిసరి చేసి, వారానికి రెండు క్లాసులకి తిప్పినా పిల్ల రోజురోజుకీ బిగుసుకుపోతుంటే ఇది గుర్తు చేసుకోండి. ఇంకో క్లాసులో చేర్పించడం మందు కాదు. ముందు ఆ రెండూ ఎక్కడ కొట్టుకుంటున్నాయో కనుక్కోండి. సాధారణంగా ఒకే ఒక్క చోట ఉంటుంది: డేటింగ్, మాంసం, పేరు పలకడం, లేదా ఒక ఫలానా అంకుల్.

ముగ్గురు మహిళల పరీక్ష

చిట్టాతో ఎంత తేలినా ఒకటి మిగిలిపోతుంది. ఇంట్లో ఒక్కొక్కరు ‘ఇండియన్’ అనే సంచిలో ఎవరెవరిని వేసుకుంటున్నారు? దీనికి నేను వాడేది మూడు ఫొటోలు.

అరుణా మిల్లర్: హైదరాబాద్‌లో పుట్టి చిన్నప్పుడే వచ్చేసిన తెలుగావిడ, 2023 నుంచి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే ఆ రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి. గజాలా హష్మీ: ఆవిడా హైదరాబాద్‌లోనే పుట్టారు, నాలుగేళ్ళప్పుడు ఇక్కడికొచ్చారు, 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఉషా వాన్స్: శాన్ డియాగోలో తెలుగు తల్లిదండ్రులకి పుట్టారు, 2025 జనవరి నుంచి అమెరికా ఉపాధ్యక్షుడి భార్య హోదాలో సెకండ్ లేడీ.

ఫొటోలు పెట్టి, "వీళ్ళలో మనవాళ్ళెవరు?" అని అడగండి. జవాబు కన్నా అది ఎంత సేపట్లో వచ్చిందో చూడండి. ఆ తర్వాత "ఎందుకు?" అనండి.

మావయ్యగారు ఇంటిపేర్లు అడిగారు. అంటే నేను చెప్పక్కర్లేదు, మీకు తెలుసు. ఇద్దరి దగ్గర తల ఊపి, హష్మీ ఫొటో దగ్గర "ఆవిడ వేరే కదా" అన్నారు. పుట్టింది హైదరాబాద్‌లోనే మావయ్యా, శాన్ డియాగోలో పుట్టినావిడ మనదైతే ఈవిడ ఎందుకు కాదు అంటే, నవ్వి టీవీ వైపు తిరిగారు. మా అమ్మాయి పార్టీని బట్టి పంచింది: డెమొక్రాట్లయిన మిల్లర్, హష్మీ ఇద్దరూ మనవాళ్ళు, ఉషా వాన్స్ వాళ్ళాయన మనిషి. మా వాడు "ముగ్గురూ పొలిటీషియన్ల గొడవే, ఎవరూ కారు" అని పోయాడు. మా ఆయన చాలాసేపు ఆలోచించి, మలక్‌పేటలో ఉండే తన పాత రూమ్మేట్‌ని తలుచుకుని హష్మీ ఫొటో మీద వేలు పెట్టారు. పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నాను, నాకూ అది కొత్తే.

జర్మనీకి చెందిన ముమ్మెండై, వెంజెల్ అనే మనస్తత్వవేత్తలు 1999లో రాసిన సంగతి ఇక్కడ కళ్ళముందు కనిపిస్తుంది. పెద్ద గుంపుకి నమూనా ఎవరంటే ప్రతివాడూ తన చిన్న గుంపునే చూపిస్తాడు. అసలైన ఇండియన్ అంటే అచ్చం మనలాగే ఉండాలి: మన భాష, మన దేవుడు, ఒక్కోసారి మన కులం. అసలైన అమెరికన్ అనే మాటకి కూడా ఇక్కడ చాలామంది దగ్గర ఇట్లాంటి బొమ్మే ఒకటుంది, దాంట్లో మనం లేకపోతే మండిపడతాం. మన సంచిలోంచి మనం ఎవరిని తీసేస్తున్నామో మాత్రం చూసుకోం. నా అభిప్రాయం అడిగితే, ఈ పరీక్ష పిల్లల మీద పెట్టే ముందు పెద్దవాళ్ళ మీద పెట్టాలి.

రొకాస్, బ్రూవర్ అనే మనస్తత్వవేత్తలు 2002లో ఇంకో మాట చెప్పారు. తన గుంపులన్నీ ఒకే వలయం కావని, ఒక దాంట్లో ఉన్నవాడు ఇంకో దాంట్లో ఉండకపోవచ్చని గుర్తించే మనిషి బయటివాళ్ళ పట్ల కూడా మెత్తగా ఉంటాడు. దీన్ని ఇంట్లో చేసి చూడటం తేలిక. ప్రతి ఒక్కరూ తనకి బాగా దగ్గరైన ఇరవై మంది పేర్లు రాయాలి. పక్కన తెలుగు, ఇండియన్, అమెరికన్, మన మతం అని టిక్కులు పెట్టుకోవాలి. అన్ని పేర్లకీ అవే టిక్కులు పడితే ఆ మనిషి రెండు దేశాల్లో ఉంటూ ఒకే వీధిలో బతుకుతున్నాడు. మా ఇంట్లో ఆ కాగితం నాది.

కాగితాల రాత్రి

ఇదొక్కటి అందరూ కలిసి కూర్చుని చేసేది. పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, రద్దు ముద్ర పడిన పాత పాస్‌పోర్టులు అన్నీ బల్ల మీద పెట్టండి. ముందు చట్టం సంగతి తేల్చేయండి, ఎందుకంటే మన పిల్లల్లో సగం మంది తమకి రెండు దేశాల పౌరసత్వం ఉందనే అనుకుంటారు. లేదు. ఇంకో దేశపు పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకుంటే ఇండియా పౌరసత్వం పోతుంది. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం రెండూ చెప్పేది అదే. ఓసీఐ 2005 సవరణతో వచ్చింది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మన్మోహన్ సింగ్ మొదటి కార్డులు అందించారు. పేరులో సిటిజన్ అని ఉంటుంది కానీ అది జీవితాంతం చెల్లే వీసా. ఓటు ఉండదు. పొలం కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

ఓసీఐ ఎన్నో తరం దాకా అన్నది అన్ని దేశాలవాళ్ళకీ ఒకేలా ఉండదు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. అక్కడి భారత సంతతివాళ్ళకి ఏడో తరం దాకా ఓసీఐ ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు. ఏడో తరం! మా పిల్లలు రెండో తరానికే డీలా పడుతున్నారు.

చట్టం అయిపోయాక ఒక్కొక్కరూ తన కాగితం చేతిలోకి తీసుకుని, అది వచ్చిన రోజు గురించి చెప్పాలి. మధ్యలో ఎవరూ దిద్దకూడదు, తేదీ తప్పు చెప్పినా సరే.

మా ఆయన ఎప్పుడూ పొలం పేరు చెప్తారు. పౌరసత్వం మార్చుకుంటే పొలం పోతుందని. వారసత్వంగా వచ్చేది పోదని మా అమ్మాయి ఫోన్లో చదివి వినిపించింది. ఆయన కాసేపు ఊరుకుని, "శంషాబాద్‌లో దిగితే నాన్న ఒక లైనులో, నేను ఇంకో లైనులో నిలబడాలి. ఆయన ఒక్కడే పోలేడు" అన్నారు. మావయ్యగారికి ఇంగ్లీషు బాగానే వచ్చు, ఏ లైనులోనైనా పోగలరు. ఎవరమూ ఆ మాట అనలేదు.

ఎప్పుడు చేయకూడదు

ఒక గుంపు మీద దెబ్బ పడిన వారాల్లో చిట్టా మూసేయండి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీర్‌ని "నా దేశంలోంచి పో" అని అరుస్తూ కాల్చి చంపారు. అడ్డుకోవడానికి లేచిన తెల్ల అమెరికన్ యువకుడికి కూడా తూటా తగిలింది. హ్యూస్టన్‌లోని మనవాళ్ళు లక్ష డాలర్లు పోగుచేసి ఆ యువకుడికి ఇచ్చారు. ఆ నెలలో మీ ఇంట్లో ఎవరైనా ‘అమెరికన్లు’ అన్నప్పుడు కాల్చినవాడు కనబడ్డాడా, అడ్డం వెళ్ళినవాడు కనబడ్డాడా అన్నది ఆ రోజు ఏ వార్త చూశారన్న దాన్ని బట్టి ఉంటుంది. దాంతో మనిషిని కొలవలేం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు కూడా అంతే. సెలవు మీద ఇండియా వెళ్ళినవాళ్ళు టెన్షన్‌తో టిక్కెట్లు మార్చుకుంటున్న ఆ శనివారం, మా ఆయన తిట్టిన తిట్లలో ఏది ఎవరి మీదో ఆయనకే తెలియదు.

ఇండియా నుంచి దిగిన మొదటి వారం కూడా వద్దు. జెట్ లాగ్‌లో అందరూ అన్ని దేశాలనీ తిడతారు.

మళ్ళీ చేయడానికి మంచి సమయాలు: పిల్లలకి పద్దెనిమిది వచ్చి ఓటరుగా నమోదు చేసుకున్నాక, ఇరవై దాటాక తీసుకున్న కొత్త పాస్‌పోర్టుతో ఓసీఐ మార్పించాల్సి వచ్చినప్పుడు, ఇంట్లోకి వేరే దేశపు అల్లుడో కోడలో వస్తున్నారన్న వార్త అందినప్పుడు. ఈ చివరిదానికి నోటుబుక్కు కాస్త లావుది కొనండి. పాత చిట్టాని ఎవరికీ చదివి వినిపించకండి, పెళ్ళిలో సరదాకి కూడా. మా అమ్మాయి నాది కనిపెట్టి చదివేసింది. తన పేజీలు వదిలేసి లాక్‌డౌన్ డ్రిల్ పేజీ దగ్గర ఆగి, మూడో గడిలో ‘అమ్మమ్మ ముందు’ అన్నదాని కింద పెన్సిల్‌తో ‘నా ముందు కూడా’ అని రాసిపెట్టింది.